పటం కట్టిచ్చుకో

శివయ్య చేతికి ఎంత ఓపికో నోటికి అంత తొందర. శాలిబండ బస్టాపు వెనక సందులో ఆయన ఫ్రేముల దుకాణం గురించి ఎవరినడిగినా ముందు ఈ మాటే చెబుతారు. చినిగిపోయిన పెళ్లి ఫొటో తెచ్చినా, తాత వాడిన కళ్లజోడు తెచ్చినా, పసిపిల్ల కాలిముద్ర పడిన కాగితం తెచ్చినా, దాన్ని అంచులు మాత్రమే పట్టుకుని, మూడుసార్లు కొలిచి, నాలుగోసారి కూడా కొలిచి, అప్పుడు గానీ చెక్క మీద గీత పెట్టడు. నోరు తెరిచాడా, ఇక అంతే సంగతులు. "ఈ ఫొటోల మూతి గట్ల పెట్టుకున్నవేంది బిడ్డా, పెండ్లి ఇష్టం లేకుండెనా?" అని పెళ్లికొడుకునే అడిగే రకం. అయినా గిరాకీ తగ్గలేదంటే అది ఆ చేతుల పుణ్యం.

ఆ చేతుల్లో కూడా ఒకటి పూర్తిగా లేదు. ఎడమ చేతి చూపుడువేలు సగమే. మిగతా సగాన్ని ఇరవై ఏళ్ల కింద చెక్క కోసే మిషను తీసుకుపోయింది. మిగిలిన మొండి కొస నున్నగా, ఒక్క గీత కూడా లేకుండా ఉంటుంది. "ఆధార్ తీసేటోళ్లు దీన్ని చూసి పరేషానైండ్రు" అని ఆయనే నవ్వుతూ చెబుతాడు.

ఆయన భార్య సుందరమ్మ సర్కారు బడిలో ముప్పై ఒక్క ఏళ్లు ఆయాగా పనిచేసి పోయినేడాది రిటైరైంది. బడి ఉన్న రోజుల్లో కూడా సాయంత్రం ఇంటికి రాగానే కొంగు నడుముకు చెక్కి దుకాణంలో కూర్చునేది. ఆమె పని అద్దాలు తుడవడం. చూడ్డానికి ఇదేం పనిలే అనిపిస్తుంది. కానీ అద్దం వెలుపలి వైపు ఎప్పుడైనా తుడుచుకోవచ్చు, లోపలి వైపు ఒక్క వేలిముద్ర మిగిలిపోయిందంటే మళ్లీ మేకులన్నీ పీకి మొత్తం విప్పాల్సిందే. పాత పేపరు ఉండచుట్టి, కొద్దిగా తడిపి, తర్వాత పొడి పేపరుతో గుండ్రంగా రుద్ది, అద్దాన్ని వెలుతురుకు ఎత్తి చూసేది. ముప్పై ఏళ్లలో ఆ దుకాణం నుంచి మరకతో ఒక్క పటమూ బయటికి పోలేదు. ఆ సంగతి శివయ్య ఎన్నడూ పట్టించుకోలేదు. అద్దమంటే శుభ్రంగానే ఉంటుంది కదా అనుకున్నాడు.

రిటైరయ్యాక ఆమెకు పగటిపూట చేతులు ఊరుకోలేదు. ఫొటో చుట్టూ అంచులా పెట్టే మందపు అట్టను మౌంటు అంటారు. దాని మధ్యలో కిటికీలా కోసినప్పుడు ఒక ముక్క రాలిపోతుంది. ఆ ముక్కలు దుకాణంలో గుట్టలు. సుందరమ్మ వాటిని ఏరుకుంది. బడిలో ఊడ్చేటప్పుడు దొరికిన పెన్సిలు ముక్కలు ఒక డబ్బా నిండా దాచుకునే ఉంది. గీయడం మొదలుపెట్టింది. ముందు కుండ, తర్వాత స్టవ్వు, తర్వాత గోడ మీద పిల్లి. గీసినవన్నీ ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టేది. "ఏందో గీకుతున్నది" అనుకుని శివయ్య తన పనిలో తానుండేవాడు.

శ్రావణమాసం శనివారం. దుకాణంలో నిలబడ చోటు లేదు. విఠల్‌రావు సారు, బ్యాంకులో ఆఫీసరుగా రిటైరైన పెద్దమనిషి, మనవరాలు శ్రీహిత నాట్యం సర్టిఫికెట్టు తెచ్చి, ఆ పిల్ల ఏ పాటకు ఎట్లా అడుగేసిందో మొదటినుంచి వర్ణిస్తున్నాడు. శివయ్య నోట్లో నాలుగు మేకులు, చేతిలో సుత్తి. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి సుందరమ్మ వచ్చింది. చేతిలో ఒక అట్ట ముక్క. అంచులు మాత్రమే పట్టుకుంది, మొగుడు పట్టుకున్నట్టే. నెల రోజులు కూర్చుని గీసిన బొమ్మ. ఎప్పుడు చూపిద్దామా, ఎప్పుడు చూపిద్దామా అని వారం నుంచి తిరుగుతోంది పాపం.

"ఇగో, ఒక్కసారి చూడు" అంది.

శివయ్య మేకులు అరచేతిలోకి ఉమ్మి, బొమ్మ మీద అర నిమిషం కూడా కాదు, అరక్షణం చూపు వేశాడు.

"ఎవడే ఈ ముసలోడు? మెడ ఏంది, కొంగ మెడ లెక్క! మస్తుంది పో. పటం కట్టిచ్చుకో, గోడకు తగిలిచ్చుకో!"

విఠల్‌రావు సారు పకపకా నవ్వాడు. వెనకాల ఇద్దరు గిరాకీలు కూడా నవ్వారు. ఆ మాట అననివాళ్లు మన దగ్గర ఎవరున్నారు? కొలువు రాని డిగ్రీని అంటాం, మెచ్చుకోలు ఉత్తరాన్ని అంటాం, ఎందుకూ కొరగానిది ఏది కనబడినా పటం కట్టించుకోమనే అంటాం. కానీ జీవితమంతా పటాలు కట్టి బతికినవాడు, పరాయి పిల్ల సర్టిఫికెట్టుకు మూడుసార్లు కొలత తీస్తున్నవాడు, కట్టుకున్నదాని బొమ్మను పట్టుకుని ఆ మాట అనొచ్చా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

సుందరమ్మ "సరే" అంది. ఒక్కటే మాట. అట్ట ముక్కను కొంగు చాటున పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆమె లొల్లి పెట్టుకుంటే బాగుండేది. పెట్టుకోలేదు. అన్నం పెట్టింది, అద్దాలు తుడిచింది, అడిగినదానికి జవాబు చెప్పింది. అడగనిది ఒక్క ముక్క మాట్లాడలేదు. మోకాలి నొప్పి మళ్లీ వచ్చిందేమో అనుకున్నాడు శివయ్య. మగవాళ్లకు ఇట్లాంటప్పుడు పెళ్లాం మోకాలి నొప్పే గుర్తుకొస్తుంది.

సోమవారం పొద్దున ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని బయల్దేరింది.

"ఏడికే?"

"పనుంది."

"ఏం పని?"

"నువ్వు చెప్పిన పనే" అని షేర్ ఆటో ఎక్కింది. తాను ఏం పని చెప్పాడో శివయ్యకు గుర్తు రాలేదు. రేషన్ దుకాణమై ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు.

బుధవారం ఆయనకు ఒక పాత నమూనా చెక్కపట్టీ అవసరపడింది. ముదురు గోధుమరంగు, మీద ద్రాక్షతీగ. అట్లాంటివి ఇప్పుడు ఎక్కడా రావు. బార్కస్‌లో సాలెహ్ దగ్గర ఒకటి రెండు ఉంటాయి. సాలెహ్ బావజీర్ కూడా ఫ్రేములవాడే. వాళ్ల ముత్తాతలు అరబ్బు దేశం నుంచి నిజాం ఫౌజులోకి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. శివయ్యకు ముప్పై ఏళ్ల దోస్తు, అంతే పోటీ కూడా. శాలిబండకు ఎప్పుడైనా వస్తే మధ్యాహ్నం పూట వచ్చేవాడు, అప్పుడు సుందరమ్మ బడిలో ఉండేది. అందుకే ఆమెను ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఆవో శివయ్య భాయ్, బైఠో" అని సాలెహ్ స్టూలు జరిపాడు. "చాయ్ చెప్తున్న."

శివయ్య కూర్చోలేదు. బల్ల మీద పరిచిన ఒక అట్ట ముక్క మీద ఆయన చూపు ఆగిపోయింది. పెన్సిలుతో గీసిన బొమ్మ. ఎవరో ముసలాయన ఫ్రేము మూల మీదికి వంగి ఉన్నాడు. కళ్లజోడు ఒక కాడ విరిగితే దారంతో కట్టుకున్నాడు. చెవి వెనక పెన్సిలు. పై పెదవి కింద రెండు మేకుల తలలు. మెడ ముందుకు సాగింది నిజమే, కానీ రెండు చెక్కల అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయో లేదో చూసేవాడి మెడ అట్లాగే సాగుతుంది. ఎడమ చెయ్యి చెక్కను అదిమి పట్టుకుని ఉంది. చూపుడువేలు సగమే.

"అరె!" అన్నాడు శివయ్య.

"మంచిగున్నది కదా?" అన్నాడు సాలెహ్. "మొన్న ఒక అమ్మ ఇచ్చి పోయింది. ఎవరు గీసిండ్రమ్మా అంటే నేనే గీసిన అన్నది. మా ఇంటాయన పటం కట్టిచ్చుకో అన్నడు, అందుకే తెచ్చిన అన్నది. చూడు భాయ్, ఎంత మంచోడో ఆమె మొగుడు! మనం ఎన్నడన్న పెండ్లాం గీసినదానికి ఫ్రేమ్ కట్టియ్యమన్నమా?"

శివయ్యకు చెంప మీద కొట్టినట్టయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని ఆయన తల్లి ఎన్నిసార్లు మొత్తుకుందో! ఆ మొత్తుకోళ్లన్నీ ఒక్కసారి చెవుల్లో పడ్డాయి.

అప్పుడు చూశాడు ఇంకొకటి. బొమ్మకు కుడివైపున, అంచు నుంచి రెండంగుళాల లోపల, పై నుంచి కింది దాకా సాలెహ్ పెట్టిన సన్నని గీత. కోయడానికి పెట్టుకున్న గుర్తు. స్కేలు, కత్తి పక్కనే ఉన్నాయి.

"ఇది కోస్తవా?"

"కోస్త. ఆ పక్కకు ఏదో సగం సగం గీసి వదిలేసింది. అది తీసేస్తే మనిషి సక్కగ నడుమకొస్తడు, ఫ్రేమ్‌ల మంచిగ కూర్చుంటడు."

ఫ్రేములవాడి లెక్కలో అది తప్పు కాదు. శివయ్య కూడా ఎన్నో బొమ్మల అంచులు అట్లాగే కోశాడు. ఆ సగం సగందేమిటో అని కళ్లజోడు సర్దుకుని వంగాడు. అది ఒక చెయ్యి. మణికట్టు వరకే ఉంది. వేళ్లలో ఉండచుట్టిన పేపరు. దాని కింద అద్దం అంచు. మణికట్టుకు రెండు గాజులు, ఒక గాజుకు వేలాడుతూ పిన్నీసు.

ఆ పిన్నీసును ఆయన ఎరుగడా? అన్నం వడ్డించేటప్పుడు పళ్లానికి తగిలి టింగుమనేది అదే. నెల రోజులు కూర్చుని మొగుణ్ణి అంత పెద్దగా గీసి, తనను తాను ఒక మూలకు చెయ్యి వరకు గీసుకుంది. ఇప్పుడు ఆ కాస్త కూడా కత్తి కిందికి పోబోతోంది. శివయ్యకు ముందు సిగ్గేసింది, వెంటనే ఏడుపొచ్చింది.

"కొయ్యకు సాలెహ్ భాయ్!" గీత మీద అరచెయ్యి పెట్టేశాడు. "నీకు దండం పెడుత, కొయ్యకు. అది చెయ్యి. నా పెండ్లాం చెయ్యి."

సాలెహ్ కాసేపు బొమ్మను చూశాడు, కాసేపు బల్ల మీది సగం వేలును చూశాడు. మొన్నటి నుంచి ఆయన బొమ్మ కొలతలే చూశాడు గానీ, మనిషిని పోల్చుకోలేదు. పొట్ట కదిలేలా నవ్వడం మొదలుపెట్టి, ఎదుటివాడి కళ్లు చూసి ఆపేశాడు.

"భాభీనా? నీ దుకాణం ఉండంగ నా కాడికొచ్చిందా?"

"వచ్చింది."

"క్యోం?"

"నా నోరు." జరిగిందంతా చెప్పేశాడు. ఫ్రేములవాడి పెళ్లాం ఇంకొక ఫ్రేములవాడి దగ్గరికి పోయిందంటే ఆ ధంధాలో అంతకంటే తలవంపు లేదు. అయినా చెప్పాడు. చెప్పి, "ఇయ్యి భాయ్, నేను తీస్కపోయి కట్టుకుంట" అని చెయ్యి చాపాడు.

"నహీ" అన్నాడు సాలెహ్.

"అరె, నా పెండ్లాం బొమ్మ!"

"అవును, ఆమె బొమ్మ. ఆమె నా చేతిల పెట్టి పోయింది. అమానత్ హై భాయ్. నమ్మి ఇచ్చిన సొమ్ము. శనివారం ఆమె వస్తది, ఆమె చేతికే ఇస్త. కొయ్యను, అది నీకు మాటిస్తున్న. కానీ నీకైతే ఇయ్య."

"పోనీ మౌంటు నేను కోస్త."

"నహీ."

"మూలలన్న కలుపుత."

"నా మూలలకేమైంది?" సాలెహ్‌కు కోపమొచ్చింది.

శివయ్య చుట్టూ చూశాడు. గోడకు ఆనించి, మొత్తం బొమ్మకు సరిపోయేంత అద్దం ఉంది. మీద దుమ్ము, వేలిముద్రలు.

"అద్దమన్న తుడుస్త" అన్నాడు చిన్నగా. "అది కూడ వద్దంటే ఇంక నేను మనిషినే కాదు."

సాలెహ్ గడ్డం గోక్కున్నాడు. చివరికి ఒక పాత ఉర్దూ పేపరు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

అదేమంత పనిలే అనుకుని కూర్చున్నాడు శివయ్య. తడి పేపరుతో రుద్దాడు, చారలు పడ్డాయి. పొడి పేపరుతో రుద్దాడు, నూగు అంటుకుంది. నూగు ఊదేస్తే తుంపర పడింది. ఒక మూల తుడిస్తే ఇంకో మూలలో, పట్టుకున్న చోట, కొత్త ముద్ర. వెలుతురుకు ఎత్తి చూసినప్పుడల్లా ఏదో ఒకటి కనబడుతూనే ఉంది. చాయ్ చల్లారింది. మెడ నొప్పి పుట్టింది. ముప్పై ఏళ్లు, రోజుకు ఇన్నేసి అద్దాలు, అదీ బడిలో పొద్దంతా ఊడ్చి వచ్చాక! ఒక్కనాడైనా "చాలు, లే" అని తాను అన్నాడా? అనలేదు. ఆ ఆలోచన ఆయన్ను అద్దం తుడవడం కంటే ఎక్కువ అలసిపోయేలా చేసింది.

ఎట్టకేలకు సాలెహ్ అద్దాన్ని అందుకుని, ఈలోగా తాను కలిపి ఉంచిన ఫ్రేములో దించి, బొమ్మ పెట్టి, వెనక అట్ట బిగించాడు. చెయ్యి, పేపరు, పిన్నీసు, అన్నీ లోపలే ఉన్నాయి.

"నేనొచ్చినట్టు ఆమెకు చెప్పకు" అన్నాడు శివయ్య లేస్తూ.

"నాది నీ నోరసొంటి నోరు కాదు, ఫికర్ చెయ్యకు" అన్నాడు సాలెహ్. ఇద్దరూ ఆ ద్రాక్షతీగ పట్టీ సంగతే మరిచిపోయారు.

మూడు రోజులు శివయ్య మాటలు కూర్చుకున్నాడు. తప్పైందని ఎట్లా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి. గిరాకీలతో కూడా తక్కువ మాట్లాడాడు. శనివారం మధ్యాహ్నం సుందరమ్మ ఆటో దిగి, ఉర్దూ పేపరు చుట్టిన ఫ్రేమును తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. పేపరు విప్పింది.

"నువ్వు చెప్పినవ్ కదా" అంది. "కట్టిచ్చుకున్న."

కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో! "మూలలు మంచిగ కలిసినయి" అన్నాడు శివయ్య. అనగానే తన తల తానే గోడకు కొట్టుకోవాలనిపించింది.

సుందరమ్మ అలవాటు కొద్దీ ఒక పేపరు ముక్క తీసి అద్దం తుడవబోయింది. కింది మూలలో, తాను గీసుకున్న చెయ్యి పక్కనే, చిన్న మరక. తుడిచింది, పోలేదు. ఇంకొంచెం గట్టిగా రుద్దింది. పోలేదు. ఫ్రేమును వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూసి చూసింది.

"లోపల్నుంచి ఉన్నది" అంది. "ఎవలో సరిగ తుడువలే." మళ్లీ చూసింది. అట్లాగే ఆగిపోయింది. చిన్న గింజంత మరక. వేలిముద్రే గానీ, దాని మీద ఒక్క గీత కూడా లేదు.

ఆమె చూపు బల్ల మీద ఉన్న మొగుడి ఎడమ చేతి మీదికి వచ్చింది. శివయ్య దాన్ని గబుక్కున వెనక్కి దాచుకున్నాడు.

"చెయ్యి బయటికి తియ్యి."

"ఎందుకే?"

"తియ్యమంటున్న కదా."

ఆ సగం వేలిని పట్టుకుని అద్దం మీద, మరకకు ఇవతల, ఆనించింది. సరిగ్గా సరిపోయింది.

"బార్కస్ పోయినవా?"

"పోయిన."

"నువ్వే తుడిసినవా?"

"ఆయన ఇంకేం పని ముట్టుకోనియ్యలే."

"అద్దం తుడుసుడు కూడ రాదు నీకు."

"రాదు" అన్నాడు శివయ్య. "ముప్పై ఏండ్ల సంది నువ్వు తుడుస్తుంటే నాకెట్ల వస్తది సుందరా? తప్పైంది. ఆ రోజు నేను బొమ్మ చూడనే లే. చూసుంటే గంత మాట అనకపోతుంటి."

"ఇప్పుడు చూసినవా?"

"కండ్ల నిండ చూసిన." ఆయన ముక్కు చీది, లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. "నన్ను గంత మంచిగ గీసి, నువ్వు చెయ్యి మట్టుకేనా? మొత్తం గీసుకోవద్దా?"

"నా మొఖం నాకేడ కనిపిస్తది?" అంది సుందరమ్మ. "నిన్నైతే రోజూ చూస్త."

శివయ్య పటకారు అందుకున్నాడు. "ఆగు, మేకులు తీసి మంచిగ తుడిసి ఇస్త, ఐదు నిమిషాలు."

"ముట్టుకోకు!" ఆమె ఫ్రేమును రొమ్ముకు అదుముకుంది. "ఉండనీ."

"మరక ఉన్న పటం మన దుకాణంల ఉంటే గిరాకీలు ఏమనుకుంటరే?"

"ఏమన్న అనుకోనీ. నా పటం, నా ఇష్టం." అప్పటికి ఆమె ముఖంలో నవ్వు కనబడింది, వారం తర్వాత. "కట్టిచ్చుకునుడు నా వంతు, అయిపోయింది. గోడకు తగిలిచ్చుడు నీ వంతు. లే."

ఊళ్లో అందరి గోడలకూ పటాలు తగిలించిన మనిషి, తన దుకాణంలో క్యాలెండరు తప్ప ఇంకేమీ తగిలించుకోలేదు. మేకు కొట్టడానికి స్టూలెక్కాడు. "ఎడమకు జరుపు" అంది సుందరమ్మ. జరిపాడు. "గంతొద్దు, మళ్ల కుడికి." జరిపాడు. "కొంచెం కిందికి, నేను తుడువాలె కదా." దించాడు. ఎన్నిసార్లు చెప్పినా కిక్కురుమనలేదు.

సాయంత్రం విఠల్‌రావు సారు మనవరాలి సర్టిఫికెట్టు కోసం వచ్చాడు. అది చేతిలోకి తీసుకోబోతూ గోడ వైపు చూసి ఆగిపోయాడు.

"అరె శివయ్యా! అచ్చం నువ్వే! ఎంత జీవం ఉన్నదయ్యా. ఎవరు గీసిండ్రు?"

శివయ్య నోరు తెరిచాడు. లోపల అద్దం తుడుస్తున్న సుందరమ్మ వంక చూశాడు. నోరు మూసుకున్నాడు.

"లోపలున్నది సారూ" అన్నాడు. "ఆమెనే అడుగుండ్రి."